గులాబీ గదికి గడియ ఏది?

మొన్న మాఘమాసంలో నరసరావుపేటలో బంధువుల ఇంట్లో గృహప్రవేశానికి వెళ్లాను. పత్తి, మిరప వ్యాపారంలో నాలుగు డబ్బులు వెనకేసుకున్న కుటుంబం. భోజనాలయ్యాక వచ్చినవాళ్లకి ఇల్లంతా తిప్పి చూపించడం ఇప్పుడు మన వైపు ఒక తంతుగా మారింది. పూజగది, వంటగది, సినిమా హాలు లాంటి టీవీ గది అన్నీ అయ్యాక ఇంటావిడ మమ్మల్ని మేడ మీదకి తీసుకెళ్లి, "ఇది మా పాప గది అక్కా" అంటూ తలుపు తీసింది.

గోడలన్నీ గులాబీ రంగు. మంచాన్ని పల్లకీలా చెక్కించి పైనుంచి తెల్లటి పరదాలు వేలాడదీశారు. కప్పు నిండా నక్షత్రాల్లాంటి దీపాలు. ఒక గోడ మీద రాజకుమారి కోట. మూలన మూడు అద్దాల డ్రెస్సింగ్ టేబుల్. తొమ్మిదేళ్ల పిల్లకి డ్రెస్సింగ్ టేబుల్! పక్క గది తమ్ముడిది. నీలం గోడలు, కారు ఆకారంలో మంచం, చదువుకోవడానికి బల్ల, కంప్యూటర్, గోడకి ప్రపంచ పటం. పాప గదికి ఒక్కదానికే ఆరు లక్షలయిందని ఆవిడ చెప్పింది. ఆ మాటలో గర్వం ఉంది, ప్రేమ కూడా ఉంది. కాదనను.

అందరూ కిందికి దిగాక పాపని అడిగాను. "ఇక్కడే పడుకుంటావా అమ్మా?" "లేదు, నాయనమ్మ దగ్గర, హాల్లో. దుప్పటి నలిగితే అమ్మ కోప్పడుద్ది. ఎవరైనా చూడ్డానికి వస్తారుగా" అంది. అప్పుడు తలుపు వైపు చూశాను. లోపల గడియ లేదు. తమ్ముడి గదికి ఉంది. తర్వాత వాళ్లమ్మని అడిగితే, "ఆడపిల్ల గదికి లోపల గడియెందుకక్కా? రేపు పెద్దదయ్యాక ఏదన్నా చేసుకుంటే? వాళ్ల నాన్నే వద్దన్నాడు" అంది.

ఈ సంపాదకీయం ఆ గడియ గురించే.

ఆరోజు సాయంత్రం అదే ఇంట్లో ఇంకోటి చూశాను. ఆవిడ అన్న కుటుంబం అమెరికాలో ఉంటుంది. ఆయన కూతురు అక్కడ ఒక యూనివర్సిటీలో చీర్ లీడింగ్ జట్టులో ఉంది. పోటీ వీడియో పంపితే పెద్ద టీవీలో పెట్టారు. వాళ్ల థీమ్ అడవి అట. పులిచారల దుస్తులు, డప్పుల మోత. రెండున్నర నిమిషాల లోపే అంతా అయిపోయింది. అందులోనే ఆడపిల్లల్ని గాల్లోకి విసరడం, పట్టుకోవడం, ముగ్గురి భుజాల మీద ఒక పిల్ల ఒంటికాలి మీద నిలబడటం. మగవాళ్లు గౌను పొడవు గురించి మాట్లాడారు. ఆడవాళ్లు "ఎంత బాగా నవ్వుతోందో" అన్నారు. ఆ పిల్ల మణికట్టుకున్న కట్టు గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఈ చీర్ లీడింగ్ ఆడవాళ్లతో మొదలైంది కాదు. 1898లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక మగ విద్యార్థి జనం ముందు నిలబడి అరుపులు అందుకున్నాడు. అప్పట్లో అది నాయకత్వ లక్షణం! అదే విశ్వవిద్యాలయంలో ఆడవాళ్లకి చోటు దొరకడానికి 1923 దాకా పట్టింది. రెండో ప్రపంచ యుద్ధానికి మగవాళ్లు వెళ్లాక ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదయింది. ఆడవాళ్ల చేతికి వచ్చాక అది నాయకత్వం కాకుండా పోయి అలంకారమైంది. ఇలాంటి మార్పు మనకి కొత్త కాదు.

ఆ పిల్లలు చేసేది తేలికని నేననను. అది కఠినమైన కసరత్తు, మెడలు విరిగే ప్రమాదమున్న కసరత్తు. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దాన్ని ఆడించే సమాఖ్యకి పూర్తి గుర్తింపు కూడా ఇచ్చింది. కానీ అంతకుముందు జరిగిన ఒక కేసు మనం తెలుసుకోవాలి. కనెటికట్ రాష్ట్రంలోని క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయం 2009లో ఆడవాళ్ల వాలీబాల్ జట్టుని తీసేసి, ఆ స్థానంలో చీర్ లీడింగ్ జట్టుని పెట్టి, ఆడపిల్లలకి ఆటల్లో సమాన అవకాశం ఇస్తున్నామని లెక్క చూపించబోయింది. వాలీబాల్ అమ్మాయిలూ వాళ్ల శిక్షకురాలూ కోర్టుకెళ్లారు. 1972 నాటి సమానత్వ చట్టం కింద దాన్ని ఆటగా లెక్కించడానికి తగిన నియమాలు, పోటీల వ్యవస్థ అప్పటికింకా లేవని 2010లో కోర్టు చెప్పింది. చీర్ లీడింగ్ వద్దని ఆ అమ్మాయిలు అనలేదు. దాన్ని చూపించి మా ఆట లాక్కోవద్దన్నారు.

మన దగ్గర 2008లో ఐపీఎల్‌తో చీర్ గర్ల్స్ మైదానాల్లోకి వచ్చినప్పుడు చర్చంతా వాళ్ల బట్టల మీదే నడిచింది. వాళ్లకెంత ఇస్తున్నారు, గ్యాలరీల్లోంచి వాళ్ల మీద పడే మాటలకి బాధ్యులెవరు అని అడిగినవాళ్లు తక్కువ. మనలోనూ తక్కువే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. రెండేళ్ల క్రితం గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ వార్షికోత్సవాలకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. మన కాలేజీల్లో చీర్ లీడింగ్ పోటీలు కనబడవుగానీ, థీమ్ డాన్స్ పోటీలు దాని చెల్లెళ్లే. ఒక జట్టు థీమ్ 'రైతు'. తళుకులు కుట్టిన మిరపపండు రంగు లంగాలు, ప్లాస్టిక్ బుట్టల్లో ప్లాస్టిక్ మిరపకాయలు. ఇరవై మంది అమ్మాయిలు నవ్వు చెదరకుండా కాయలు కోశారు. చప్పట్లు మోగిపోయాయి. నా చేతిలో ఉన్న కాగితంలో దుస్తులకి ఇరవై మార్కులు, భావానికి పది. నేనూ దుస్తులకి పద్దెనిమిది వేశాను.

తర్వాత మంచినీళ్ల కోసం వేదిక వెనక్కి వెళితే ఒక అమ్మాయి గోడకానుకుని నిలబడి ఉంది. వినుకొండ వైపు పల్లె. రెండు వారాలు సాధన చేశాక జట్టులోంచి తప్పుకుంది. దుస్తుల అద్దె పద్దెనిమిది వందలు. వాళ్లమ్మ జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలకి పోయి, తర్వాత కోల్డ్ స్టోరేజీల దగ్గర కాయలకి తొడిమలు తీస్తుంది. ఆ డబ్బు అడగడానికి ఈ పిల్లకి నోరు రాలేదు. "మేడమ్, మిరపకాయలు కోసేటప్పుడు ఎవరూ అట్లా నవ్వరు. చేతులు మండుతుంటాయి. రాత్రి అన్నం కలుపుకోవాలన్నా మండుద్ది. ఆ మాటే డాన్స్ సారుకి చెప్పాను. నవ్వారు" అంది. నేను వేసిన మార్కులు అప్పటికే బల్ల మీదకి చేరిపోయాయి.

ఆ అమ్మాయే ఇంకో విషయం చెప్పింది. మామూలు రోజుల్లో ఆడపిల్లల హాస్టల్ గేటు సాయంత్రం ఆరింటికి మూస్తారు. లైబ్రరీకని అడిగినా తియ్యరు. డాన్స్ సాధనకి మాత్రం రాత్రి పదింటి దాకా తీసే ఉంచారు. వాలీబాల్ కోర్టు ఉందిగానీ నెట్ లేదు.

పల్లకీ మంచం మీద నక్షత్రాలు చూడాల్సిన పాప కూడా ఇంకో ఆరేడేళ్లకి ఇంటర్మీడియట్ పేరుతో ఏ హాస్టల్లోనో గదికి ఎనిమిది మందిలో ఒకతిగా, తెల్లవారుజామున గంట కొడితే లేచి, రాత్రి దాకా పుస్తకం ముందు కూర్చుంటుంది. అక్కడా గడియ ఆమె చేతిలో ఉండదు. 2015 జూలైలో నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం అమ్మాయి హాస్టల్ గదిలో ప్రాణం తీసుకుంది. ర్యాగింగ్, లైంగిక వేధింపుల ఆరోపణలొచ్చాయి. ప్రభుత్వం కమిటీ వేసింది. ర్యాగింగ్ నిషేధ చట్టం మన రాష్ట్రంలో 1997 నుంచీ ఉంది. అలాంటి ఘటన జరిగినప్పుడల్లా యాజమాన్యాలు ముందుగా చేసేది ఆడపిల్లల గేటుకి ఇంకో తాళం వెయ్యడం! అదే ఏడాది ఢిల్లీలో 'పింజ్రా తోడ్' పేరుతో అమ్మాయిలు హాస్టల్ తాళాల మీదే ఉద్యమించారు. రక్షణ పేరుతో బంధించడం తప్పని అంతకుముందే, 2013లో, యూజీసీ కమిటీ నివేదిక 'సక్షమ్' కూడా చెప్పింది. దాన్ని ఎన్ని కాలేజీలు తెరిచి చూశాయి?

వర్జీనియా వుల్ఫ్ 1929లో స్త్రీకి తనదైన గది కావాలని రాసినప్పుడు ఆ గదికి తాళం ఉండాలంది, ఏడాదికి ఐదువందల పౌండ్ల రాబడి ఉండాలంది. గోడల రంగు గురించి ఆమెకి పట్టింపు లేదు. మార్కెట్ మన పిల్లలకి గది అమ్ముతోంది. తాళమూ రాబడీ దాంట్లో కలిపి ఇవ్వడం లేదు.

అందుకే ఇంటావిడని ఇంకో ప్రశ్న అడిగాను, మర్యాద కాదని తెలిసీ. "ఇల్లు ఎవరి పేరున ఉంది?" ఇల్లు ఆయన పేరున ఉంది, పక్క స్థలం బాబు పేరున కొన్నారు. పాపకి పెళ్లినాడు పసుపు కుంకుమల కింద ఇస్తారట. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. దేశం మొత్తానికి అది 2005లో వచ్చింది. సవరణ నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు పోదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. అయినా మన పల్లెల్లో అన్నదమ్ములు ఒక చీర పెట్టి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించుకోవడం ఆగలేదు. సంతకం పెట్టనంటే పుట్టింటి గడప తొక్కొద్దంటారు. ఇంటావిడ కూడా అలా సంతకం పెట్టిన మనిషే. ఆ మాట తనే చెప్పింది, నవ్వుతూ.

తిరుగు బస్సులో వస్తుంటే రోడ్డు పక్క చేలల్లో కోతలకి వలస వచ్చినవాళ్ల డేరాలు కనిపించాయి. నాలుగు కర్రలు, పైన నల్ల పట్టా. కల్లంలో ఎర్రగా ఆరబోసిన కాయల పక్కన పదేళ్ల పిల్ల చంటిబిడ్డని చంకనేసుకుని నిలబడి ఉంది. వలస వచ్చినవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లనే ఏర్పాటు ఉంది. తల్లిదండ్రులు ఊరు విడిచే ముందే తెరిస్తేనే దానివల్ల ప్రయోజనం. కోతల మధ్యలో తెరిస్తే అప్పటికే పిల్ల చేలో ఉంటుంది.

పోయిన నెల ఇంటావిడ ఫోన్ చేసింది. గడియ ఇంకా పెట్టించలేదట, మాట్లాడుతున్నానంది. పాప మాత్రం తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని గదిలోనే పడుకుంటోందట. పరదాలు పీకేసిందట.

పాఠకులకి, క్షేత్రంలో పనిచేస్తున్న మిత్రులకి ఒక విజ్ఞప్తి. మీ దగ్గర్లోని కాలేజీల్లో ఆడపిల్లల హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారు, మగపిల్లలది ఎన్నింటికి? ఆటలకిచ్చే డబ్బెంత, ఉత్సవాలకి పెట్టే ఖర్చెంత? లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద ఉన్నాయా? మీ మండలంలో సీజనల్ హాస్టల్ ఏ నెలలో తెరిచారు? ఈ వివరాలు సేకరించి మాకు రాయండి. అమ్మాయిల చేతే రాయించగలిగితే మరీ మంచిది. పేర్లు వెయ్యం. వచ్చే సంచికలో పేజీలు కేటాయిస్తున్నాం.