పథ్యం పస్తు కారాదు

 

ఈ నెల ఒక తప్పును మీ ముందు ఒప్పుకోవలసి ఉన్నది. అది నాది. మీ ఇళ్లలో అది జరుగకూడదన్న ఉద్దేశంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా ఆపా భర్త, నా దూల్హాభాయ్, మాదన్నపేట మండీకి దగ్గరలోనే ఉంటారు. పుస్తకాలకు జిల్దు కట్టడం ఆయన వృత్తి. మా మదరసా పిల్లల చిరిగిన పుస్తకాలెన్నో ఆయన చేతిమీదుగా కొత్త ప్రాణం పోసుకున్నాయి. చాలా ఏళ్లుగా ఉన్న చక్కెర వ్యాధి క్రమంగా ఆయన మూత్రపిండాలను దెబ్బతీసింది. మాంసం, గుడ్లు, పప్పు తగ్గించమని వైద్యులు తొలిదశలో ఒక చీటీ రాసిచ్చారు. ఆపా దానిని వంటగది గోడకు అతికించుకున్నారు. రెండేళ్ల తరువాత డయాలసిస్ మొదలైంది. చీటీ మాత్రం గోడ దిగలేదు.

వారానికి మూడు పర్యాయాలు, ప్రతిసారీ నాలుగు గంటలు ఆయన యంత్రం పక్కన పడుకుని వచ్చేవారు. వెళ్లే రోజు ఉదయం ఒక చాయ్, రెండు రస్కులు. తిరిగి వచ్చాక అలసటతో నిద్ర. మిగతా రోజులలో కాస్త అన్నం, ఉప్పులేని సొరకాయ కూర. ఆయన చెంపలు గుంటలు పడ్డాయి. చొక్కా భుజాల మీద వేలాడసాగింది. ఒక శుక్రవారం నమాజు తరువాత నేను వెళ్లినప్పుడు, “మౌల్వీసాబ్, ఏమీ తినబుద్ధి కావడం లేదు” అన్నారు. నేను ఆయన చేయి పట్టుకుని, “సబ్ర్ చేయండి దూల్హాభాయ్. తక్కువ తినడం పుణ్యపురుషుల లక్షణమే కదా” అన్నాను. మౌల్వీ మాట గనుక ఆయన మరి ఎదురు చెప్పలేదు.

నెల గడవకముందే ఒక రాత్రి ఆయనకు ఊపిరాడలేదు. ఆసుపత్రిలో చేర్చాము. అక్కడి ఆహార నిపుణురాలు ఆయన ఏమేమి తింటున్నారో పూట పూటకూ అడిగి రాసుకున్నారు. తరువాత ఆయన దండచేతిని తన వేళ్లతో చుట్టి చూసి, “అమ్మా, ఈయన ఆకలితో ఉన్నారు” అన్నారు. ఆపా నిర్ఘాంతపోయారు. “బరువు తగ్గలేదు కదమ్మా, ప్రతిసారీ తూచి చూస్తున్నారు” అన్నారు. దానికి ఆమె ఇచ్చిన సమాధానం మేమెవ్వరమూ ఊహించనిది. ఒంట్లోని కండ కరిగిపోతుంటే ఆ ఖాళీని నీరు నింపుతూ వచ్చింది. త్రాసు మీద అంకె మారలేదు గాని ఆ అంకెలో మాంసం తగ్గి నీరు పెరిగింది. ఆ నీరే ఆ రాత్రి ఊపిరితిత్తులలో చేరింది.

ఇంటికి వచ్చిన రోజున ఆపా గోడమీది చీటీని చూస్తూ, “తమ్ముడూ, ఆయనను కాపాడుకుంటున్నాననుకున్నానురా” అన్నారు. ఆ మాట నన్ను ఈనాటికీ వదలలేదు.

సోదరులారా, ఇక్కడ అందరూ తెలుసుకోవలసిన విషయం ఒకటున్నది. డయాలసిస్‌కు ముందూ తరువాతా పథ్యం ఒకటి కాదు. మూత్రపిండాలు బలహీనపడిన తొలిదశలో మాంసకృత్తులు అధికమైతే వాటి మలినాలను వడకట్టలేక అవి మరింత అలసిపోతాయి. కనుక అప్పుడు తగ్గించమంటారు. డయాలసిస్ మొదలైన తరువాత మలినాలను యంత్రం తీసివేస్తుంది. అయితే యంత్రానికి మంచి చెడుల విచక్షణ లేదు. మాంసకృత్తుల మూలకాలైన అమైనో ఆమ్లాలు కూడా ఒక్కొక్క పర్యాయం దాదాపు 6 నుంచి 12 గ్రాముల వరకు ఆ నీటితో వెళ్లిపోతాయి. పొట్టలోకి గొట్టం ద్వారా ఇంటివద్దనే డయాలసిస్ చేసుకునే వారికైతే మాంసకృత్తుల నష్టం ప్రతిదినమూ ఉంటుంది. అందువల్ల ఆ దశలో మాంసకృత్తులు పెంచాలి. శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు, 25 నుంచి 35 కేలరీల శక్తి అవసరమని 2020లో వెలువడిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే 60 కిలోల మనిషికి దినానికి 60 నుంచి 72 గ్రాములు. మా దూల్హాభాయ్ పళ్లెంలో అందులో సగమైనా లేదు.

ఈ క్షీణతకు ఆహారలోపం ఒక్కటే కారణం కాదు. రక్తంలో పేరుకున్న మలినాలు ఆకలిని చంపుతాయి. నోరు లోహపు రుచితో చేదెక్కుతుంది. రక్తంలో ఆమ్లత్వం పెరిగి కండను కరిగిస్తుంది. సూది గుచ్చే చోటో, మెడలోని గొట్టం వద్దో, చిగుళ్లలోనో దాగిన ఇన్ఫెక్షన్ లోలోపల శక్తిని హరిస్తుంది. దిగులు సరేసరి. డయాలసిస్ ఒక పూట మానినా, మధ్యలో ముగించుకుని వచ్చినా మలినాలు మిగిలి ఆకలి ఇంకా తగ్గుతుంది. పలు దేశాల అధ్యయనాలను కలిపి 2018లో ప్రచురించిన ఒక పరిశీలనలో డయాలసిస్ రోగులలో ఈ క్షీణత ఎక్కువ చోట్ల నూటికి 28 నుంచి 54 మంది వరకు కనిపించింది. కనుక ఇది అరుదైన సంగతి కాదు. మన వీధులలోనూ ఉన్నదే.

దీనిని గుర్తించడమెలా? చొక్కా, ఉంగరం, గాజులు వదులు కావడం, కుర్చీ నుంచి లేవడానికి చేతుల ఊతం కావలసి రావడం, రోజులో సగం పళ్లెం మిగిలిపోవడం మనకు కనిపించే ఆనవాళ్లు. రక్తపరీక్ష కాగితంలో ఆల్బుమిన్ అనే అంకె ఉంటుంది. అది 3.8 కంటె తగ్గితే వైద్యుణ్ణి అడగాలి. ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ అంకె తగ్గుతుంది కాబట్టి కారణాన్ని వారే తేల్చాలి. “ఇప్పుడు ఆయన అసలు బరువు ఎంత ఉండాలి?” అన్న ప్రశ్నను కూడా అప్పుడప్పుడు అడుగుతూ ఉండాలి.

ఇక వంటింటి సంగతి. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. తెల్లసొనలో మూడున్నర గ్రాములుంటాయి, దానిలో భాస్వరం అతి స్వల్పం. అందుకే డయాలసిస్ రోగికి తెల్లసొన గొప్ప వరం. ఎముకలేని కోడిమాంసం వంద గ్రాములలో సుమారు 20 గ్రాములుంటాయి. చేపలూ మేలైనవే. పాయా, నిహారీ రసాలలో బలముందని మనవారి నమ్మకం. వాటిలో ఉప్పు, నీరు అధికం కాబట్టి ఆ నమ్మకం ఈ రోగి విషయంలో చెల్లదు. ముక్క తినాలి, రసం విడవాలి. బంగాళదుంప, టమాటా, ఆకుకూరలను చిన్నవిగా తరిగి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోసి వండితే పొటాషియం కొంతమేర తగ్గుతుంది. ఉప్పు తగ్గిస్తే దాహమే తగ్గుతుంది. రుచికి నిమ్మరసం, పుదీనా, అల్లం, మిరియాలు ఉన్నాయి. ఉప్పుకు బదులుగా అమ్మే పొడులలో పొటాషియం ఉంటుంది కనుక వాటిని ముట్టరాదు. అన్నం, రొట్టె, నూనె మరీ తగ్గిస్తే శరీరం మాంసకృత్తులనే వంటచెరకుగా కాల్చేస్తుంది. మూడు పూటలు తినలేనివారికి ఆరు పూటలుగా పెట్టండి. ఎవరికి ఏది ఎంత అన్నది మాత్రం వారి రక్తపరీక్షలు చూసి వైద్యులు, ఆహార నిపుణులు నిర్ణయించాలి. పాత చీటీని చూపించి “ఇది ఇంకా పనికి వస్తుందా?” అని అడగండి.

ఇక ధర్మానికి సంబంధించిన రెండు మాటలు. రమజాన్ రాగానే చాలామంది రోగులు, ముఖ్యంగా పెద్దవారు, ఉపవాసం ఉండలేకపోతున్నందుకు కుమిలిపోతారు. కొందరు ఇంట్లోవారికి తెలియకుండా సహరీ చేసి ఉపవాసం పాటిస్తారు. రోగికి అల్లాహ్ సూరా బఖరాలోనే సడలింపునిచ్చాడు. కోలుకునే ఆశ లేని వ్యాధి అయితే ఒక్కొక్క రోజుకు ఒక నిరుపేదకు భోజనం పెట్టడం, అంటే ఫిద్యా, దానికి మార్గం. అల్లాహ్ ఇచ్చిన రుఖ్సతును స్వీకరించడం బలహీనత కాదు, అది విధేయతే. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారు నిరంతరం ఉపవాసాలుంటున్న అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) గారిని వారించి, ఆయన దేహానికి కూడా ఆయనపై హక్కు ఉన్నదని గుర్తుచేసిన వృత్తాంతం హదీసు గ్రంథాలలో ప్రసిద్ధం. ఈ హదీసును ఎన్నో ఏళ్లుగా పాఠం చెబుతున్నవాణ్ణి నేను. అయినా మా దూల్హాభాయ్ మంచం పక్కన కూర్చున్నప్పుడు అది నాకు గుర్తుకు రాలేదు. మితభోజనం ఆరోగ్యవంతునికి చేసిన ఉపదేశం. దానిని ఎండిపోతున్న రోగికి చెప్పడం జ్ఞానం కాదు. సబ్ర్ అంటే బాధను ఓర్చుకోవడమే గాని, తీర్చగల ఆకలిని తీర్చకుండా ఉండటం కాదు.

రెండవది ఇయాదత్, అంటే రోగిని పరామర్శించడం. ఇది గొప్ప పుణ్యకార్యం. కాని మనం చేతిలో ఏమి పట్టుకుని వెళుతున్నాము? కొబ్బరిబోండాలు, అరటిపండ్లు, బత్తాయిలు, ఖర్జూరాలు. ఇవన్నీ పొటాషియం నిండినవి. అది రక్తంలో మితిమీరితే గుండె లయ తప్పి ప్రాణానికే ముప్పు. హజ్ నుంచి తెచ్చిన జమ్‌జమ్ ఒక గుక్క ఇవ్వండి, గ్లాసు నింపకండి. అది పవిత్రమైనదే అయినా రోగికి అది కూడా నీటి లెక్కలోనే చేరుతుంది. పండ్ల బుట్టకు బదులుగా ఒక గుడ్ల ట్రే తీసుకెళ్లండి. చూడటానికి చిన్నదే, రోగికి ఉపయోగం ఎక్కువ.

మరొక విషయం. మన ఇళ్లలో స్త్రీ రోగి అయితే పరిస్థితి మరింత విషమం. యంత్రం దగ్గర నుంచి వచ్చి ఆమే వంట చేస్తుంది, అందరికీ వడ్డించి, మిగిలినది తింటుంది. ముక్కలు పిల్లలకు, పురుషులకు, రసం ఆమెకు. భర్తలారా, కుమారులారా! ఆమె పళ్లెంలో ముందుగా మీ చేతులతో వడ్డించండి.

ప్రభుత్వ సహాయం కూడా కొంత ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద పేదలకు డయాలసిస్ ఉచితంగా లభిస్తున్నది. తెలంగాణలో 2022లో డయాలసిస్ రోగులను ఆసరా పింఛను పరిధిలోకి తెచ్చి నెలకు 2016 రూపాయలుగా నిర్ణయించారు. మూత్రపిండాల వ్యాధితో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం తల్లడిల్లిన ఆంధ్రప్రదేశ్‌లో ఈ పింఛను 10 వేల రూపాయలు. అర్హులు దరఖాస్తు చేసుకోవాలి. అయితే యంత్రం ఉచితమైనా గుడ్డు ఉచితం కాదు. వారానికి మూడు దినాలు పని మానుకునే మనిషి ఇంట్లో ముందుగా తగ్గేది తిండి ఖర్చే. అర్హుడైన నిరుపేద రోగి జకాత్‌కు హక్కుదారుడు. మందుల చీటీ తెచ్చినవారికి సహాయం చేస్తున్న మన మస్జిద్ కమిటీలు, ఆహారాన్ని కూడా మందుగానే లెక్కించాలని నా మనవి.

మా దూల్హాభాయ్ పూర్తిగా కోలుకున్నారని చెప్పలేను. కండ పోయినంత త్వరగా తిరిగి రాదు. అయినా ఇప్పుడు యంత్రానికి వెళ్లే ముందు ఉడికించిన తెల్లసొనలు మూడు తింటున్నారు. మొన్నటి పండుగ నాడు మాదన్నపేట పాత ఈద్గాహ్‌కు మనుమడి భుజం పట్టుకుని వచ్చి, కుర్చీ మీద కూర్చుని నమాజు చేశారు. తరువాత నన్ను ఆలింగనం చేసుకుని, “మౌల్వీసాబ్, ఇప్పుడు ఆకలి వేస్తున్నది” అని నవ్వారు. ఆపా ఆ పాత చీటీని చింపివేసి, కొత్తది అతికించారు.

సర్వశక్తిమంతుడైన అల్లాహ్ రోగులందరికీ స్వస్థతను, వారికి సేవ చేసేవారికి ఓపికను, సలహా చెప్పే మా వంటివారికి ముందు తెలుసుకుని తరువాత మాట్లాడే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.