కారుకు మేకప్‌మాన్ లేడు సుమండీ!

పాటలో హీరోయిన్ కొంగు దోపుకుని పైపుతో కారు కడుగుతుంటే హాల్లో ఈలలే ఈలలు! నా కళ్లు మాత్రం ఆవిడ చేతిలోని గుడ్డమీదే వుంటాయి. నవ్వకండి. నల్లకారు మీద లైటు పడగానే సాలెగూడులా సన్నగీతలు కనిపిస్తాయే, వాటిని గీసేది ఆ గుడ్డలో ఇరుక్కున్న ఇసుకే! ఈనాటి కార్లకు రంగుమీద వుండే క్లియర్ కోట్ అనే పూత సాధారణంగా తలవెంట్రుక మందం కూడా వుండదు. గీతలు పోవాలంటే పాలిష్‌తో ఆ పూతనే అరగదీయాలి.

అందుకే నే చెప్పే సరంజామా ఇదీ: రెండు బకెట్లు. ఒకటి కారు షాంపూ నీళ్లకి, రెండోది తొడుగు జాడించే మంచినీళ్లకి. స్పాంజి వద్దు, మట్టిని పైనే పట్టి రుద్దుతుంది. గుబురు పోగుల మైక్రోఫైబర్ చేతితొడుగు కొనండి, ఇసుక పోగుల్లోకి పోతుంది. ముందు పైపుతో దుమ్ము వదిలించి, పైనుంచి కిందికి కడగండి. చక్రాలకి వేరే గుడ్డ. తొడుగు నేలమీద పడిందా, శుభ్రంగా ఉతికేదాకా దాని కాల్షీట్ క్యాన్సిల్! తుడవడానికి పాత బనీను పనికిరాదు, మెత్తటి మైక్రోఫైబర్ టవలే వాడండి.

హీరోగారి ముఖంమీది గీతల్ని మేకప్ దాస్తుంది. మీ కారుకి ఆ సదుపాయం లేదు మరి!