జేసీబీని పిలిచే ముందు...

తాతల నాటి ఇల్లు. మందపాటి గోడలు, చెక్క స్తంభాలు, గోడలో దీపపు గూళ్లు, కింద షాబాదు బండలు. మన నారాయణపేట వైపు అలాంటి ఇంట్లో అన్నదమ్ములు కూర్చుంటే చివరికి తేలాల్సిన మాట ఒకటే: ‘పడగొడదామా, ఉంచుదామా?’ తేల్చుకునే ముందు ఒక్కసారి హైదరాబాదులోని ఫలక్‌నుమా ప్యాలెస్‌ను గుర్తు చేసుకోండి.

దానికీ మనకూ చుట్టరికం ఉంది. 2019లో సొంత జిల్లా అయ్యేవరకూ నారాయణపేట మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లాకు పేరిచ్చిన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఫలక్‌నుమాలో బస చేసేవారు. పాయగా వంశీకుడైన వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించుకున్న భవనం అది. తర్వాత నిజాం చేతికి వచ్చింది. 1950ల తర్వాత ఏళ్ల తరబడి వాడకం లేక మూలనపడింది. నిజాం కుటుంబానికి చెందిన ఎస్రా యువరాణి దగ్గరుండి చూసుకోగా, దాదాపు పదేళ్ల మరమ్మతు తర్వాత తాజ్ సంస్థ 2010 నవంబరులో దాన్ని హోటల్‌గా తెరిచింది. గదులు అరవై.

పదేళ్లూ ఏం చేశారు? కొత్త హంగులు అద్దడం కన్నా ఉన్నవాటిని బతికించారు. పాలరాతి మెట్లు, 101 మంది ఒకేసారి కూర్చుని తినే భోజనబల్ల, లైబ్రరీలో చెక్కడాల చెక్క పైకప్పు... అతిథులు చూడ్డానికి వచ్చేది వీటినే.

‘అంత డబ్బు మనకెక్కడిది?’ అంటారా? పద్ధతి నేర్చుకోవడానికి డబ్బక్కర్లేదు. ముందు పైకప్పు చూడండి. వాన నీరు కారుతుంటే ఎంత మంచి రంగు వేసినా దండగే. డంగు సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూయించొద్దు. సున్నపు గోడ చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు, ప్లాస్టిక్ పెయింట్ ఆ దారి మూసేస్తాయి. అప్పుడే గోడ ఉబ్బి పెచ్చులూడుతుంది. దానికి సున్నమే మందు. బండల మీద టైల్స్ పరిచేకన్నా సందులు పూడ్పించి శుభ్రంగా కడిగిస్తే చాలు. స్తంభాలకు రంగు వేసేముందు అడుగున చెద ఉందేమో చూడండి. కొత్త బాత్‌రూమ్ పెరటి వైపు కడితే పాత గోడలకు తూట్లు పడవు.

ఇక అలంకరణకు ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. అమ్మ కట్టి పక్కన పెట్టిన నారాయణపేట నూలు చీరలో గళ్లున్న భాగం కుషన్ గలీబులకు, అంచు కర్టెన్లకు అందంగా అమరుతుంది. పట్టు చీరైతే మాత్రం ఎండ తగిలే కిటికీకి వద్దు, రంగు వెలిసిపోతుంది.

అన్ని ఇళ్లూ నిలబడవు. గోడ ఒరిగినా, పెద్ద పగుళ్లున్నా ఇంజినీరుకు చూపించాల్సిందే. తప్పక పడగొట్టాల్సి వస్తే తలుపులు, స్తంభాలు దాచి కొత్తింట్లో పెట్టుకోండి. జేసీబీకి ఫోన్ చేసే ముందు మాత్రం సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీని ఒకసారి ఇంటికి పిలవండి. పడగొట్టడానికి ఒక్క పూట చాలు. మళ్లీ అలాంటిది కట్టడం మన తరమా?