తుపాను వెంట పరుగు.. డెల్టాలో ఎవరికి లాభం?

ఉప్పాడ తీరంలో సెల్‌ఫోన్ల సందడి.. కడియం నర్సరీల్లో వాన లెక్కల కొరత

కడియం: బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందన్న వార్త వెలువడగానే గోదావరి జిల్లాల్లో రెండు రకాల హడావిడి మొదలవుతుంది. కడియం, కడియపులంక, వేమగిరి పరిసరాల్లోని నర్సరీ రైతులు షేడ్‌నెట్లు విప్పి చుట్టడం, ఎత్తయిన మొక్కలను పక్కకు వాల్చి పడుకోబెట్టడం, మళ్ల మధ్య కాలువలు తీసి నీటికి దారి చూపడం వంటి పనుల్లో తలమునకలవుతారు. అదే సమయంలో మోటారు సైకిళ్లపై మరికొందరు కాకినాడ - ఉప్పాడ బీచ్ రోడ్డుకు బయలుదేరతారు. రాళ్ల కట్టను దాటి రోడ్డు మీదికి విరుచుకుపడే కెరటాలను సెల్‌ఫోన్‌లో బంధించడం వీరి సరదా. పోలీసులు రాకపోకలు నిలిపివేసినా అడ్డదారుల్లో వచ్చేవారు వస్తూనే ఉంటారు.

తుపానును చూడబోవడం ఇక్కడివారికి కొత్తేమీ కాదు. గోదావరికి వరద వస్తే ధవళేశ్వరం బ్యారేజీ వద్ద జనం బారులు తీరడం తరతరాలుగా ఉన్నదే. అయితే వరద నది గట్ల మధ్య వస్తుంది. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది అన్న లెక్క ఉంది. చూసేవాడు ఎక్కడ నిలబడితే క్షేమమో చాలావరకు తెలుస్తుంది. తుపానుకు గట్లు లేవు. ఈ తేడాను గుర్తించకుండా విదేశీ వీడియోలు చూసి తీరానికి పరుగులు తీయడమే ప్రమాదకరంగా మారుతోంది.

అమెరికాలో మొదలైన మోజు

గాలివానలను వెంటాడే అలవాటుకు పుట్టినిల్లు అమెరికా మధ్య మైదానాలు. నార్త్ డకోటా రాష్ట్రంలో 1956లో డేవిడ్ హోడ్లీ అనే యువకుడు కారులో తిరుగుతూ మెరుపులను, టోర్నడోలను ఫొటోలు తీయడం ప్రారంభించాడు. 1977లో ఆయనే 'స్టార్మ్ ట్రాక్' పేరుతో ఓ చిన్న పత్రికను నెలకొల్పాడు. 1996లో వచ్చిన 'ట్విస్టర్' సినిమాతో ఈ సరదా ప్రపంచానికంతటికీ తెలిసిపోయింది. ఇప్పుడు అక్కడ వసంత కాలంలో పర్యాటకులను వ్యాన్లలో ఎక్కించుకుని వారం, పది రోజుల పాటు టోర్నడోల కోసం తిప్పే సంస్థలు అనేకం ఉన్నాయి.

'ట్విస్టర్' వచ్చిన 1996లోనే నవంబర్ 6న కోనసీమపై తుపాను విరుచుకుపడింది. కాకినాడకు దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో తీరం దాటిన ఆ తుపానుకు వెయ్యి మందికి పైగా బలయ్యారు. వేటకు వెళ్లిన మత్స్యకారుల్లో వందల మంది జాడ తెలియలేదు. కొబ్బరి తోటలు మైళ్ల కొద్దీ నేలమట్టమయ్యాయి. ఒకచోట సినిమా వినోదమైన గాలి మరోచోట ఊళ్లను ఊడ్చిపెట్టింది. డెల్టాలో తుపానును సాహస యాత్రగా చూడటానికి పెద్దల మనసు ఒప్పకపోవడంలో వింతేమీ లేదు.

అక్కడ రోడ్లు.. ఇక్కడ గట్లు

టోర్నడో వెడల్పు సాధారణంగా కొన్ని వందల మీటర్లు. దానికి ఒక పక్కగా, సురక్షిత దూరంలో నిలబడి చూడటం అనుభవజ్ఞులకు సాధ్యమే. పైగా ఆ మైదానాల్లో చాలాచోట్ల మైలుకొకటి చొప్పున రోడ్లు గళ్ల నుడికట్టులా అడ్డంగా, నిలువుగా వెళతాయి. దారి మూసుకుపోతే పక్క దారి ఉంటుంది. ఇన్ని అనుకూలతలున్నా 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రెనో వద్ద టోర్నడో హఠాత్తుగా దిశ మార్చుకుని రెండున్నర మైళ్ల వెడల్పుకు విస్తరించడంతో పేరెన్నికగన్న పరిశోధకుడు టిమ్ సమరాస్, ఆయన కుమారుడు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ ప్రాణాలు కోల్పోయారు. మూడు దశాబ్దాల అనుభవమూ ఆ రోజు అక్కరకు రాలేదు.

తుపాను సంగతి వేరు. దాని విస్తృతి వందల కిలోమీటర్లు. పక్కకు తప్పుకోవడమన్న మాటే ఉండదు. డెల్టా రోడ్లలో అధిక భాగం కాలువ గట్లే. ఒక వైపు కాలువ, మరో వైపు చేలు. గట్టు మీది చెట్టు ఒక్కటి కూలితే ముందుకూ వెనక్కూ దారి ఉండదు. కోనసీమ నుంచి బయటపడాలంటే రావులపాలెం, యానాం - ఎదుర్లంక, దిండి - చించినాడ వంటి నాలుగైదు వారధులే దిక్కు. ఈదురుగాలిలో పొడవాటి వంతెనపై ద్విచక్ర వాహనం నడపడం ఎంతటి సాహసమో వేరే చెప్పనక్కర్లేదు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తీవ్ర తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటిన వేళ తూర్పుగోదావరి సహా ఏడు జిల్లాల్లో రాత్రి 8.30 గంటల నుంచి మరునాటి ఉదయం 6 గంటల వరకు జాతీయ రహదారులతో పాటు అన్ని రోడ్లపై వాహనాల రాకపోకలను ప్రభుత్వం నిలిపివేయాల్సి వచ్చింది. ఆ సమయంలో సరదాగా బయటకు వెళ్లినవాడు ఇరుక్కుపోతే అతన్ని వెదికేందుకు సహాయ బృందమే ప్రాణాలకు తెగించాలి.

ఉప్పాడ సముద్రపు ఒడ్డున గాలివాన తగ్గాక కనిపించే మరో గుంపును మాత్రం ఈ కోవలో చేర్చలేం. అలలు కోసుకుపోయిన ఇసుకలో బంగారు రేణువుల కోసం దువ్వెనలు, చిన్న పుల్లలతో వెదికే మత్స్యకార మహిళలు వారు. 2020 నవంబర్‌లో నివర్ తుపాను అనంతరం ఈ దృశ్యం పత్రికల్లో ప్రముఖంగా వచ్చింది. వారిది సరదా కాదు, వేట ఆగిపోయిన రోజుల్లో పూట గడుపుకోవడానికి పడే పాట్లు.

మరో సగం ఎవరికీ పట్టలేదు

అమెరికా సరదాలో ఇక్కడికి చేరింది వెంటాడే సగమే. కనిపెట్టి ఉండే సగం చేరలేదు. అక్కడి జాతీయ వాతావరణ సర్వీసు 1970ల నుంచి 'స్కైవార్న్' పేరుతో స్వచ్ఛంద పరిశీలకులకు శిక్షణ ఇస్తోంది. ఇప్పుడు వీరి సంఖ్య మూడున్నర లక్షలకు పైమాటే. రైతులు, ఉపాధ్యాయులు, తపాలా ఉద్యోగులు.. ఎవరైనా కావచ్చు. తమ ఊళ్లోనే సురక్షిత స్థలంలో ఉండి మేఘం తీరు, వడగళ్ల పరిమాణం, గాలి చేసిన నష్టం తెలియజేయడమే వీరి పని. 1997 జులైలో కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్ పట్టణాన్ని ఆకస్మిక వరద ముంచెత్తినప్పుడు ఊళ్లో ఒక మూల కుండపోత, మరో మూల జల్లుగా వాన పడింది. ఈ అనుభవంతోనే మరుసటి ఏడాది ఇంటింటి వానమాపకాల పథకం ప్రారంభమై తర్వాత దేశమంతటా విస్తరించింది.

రాడార్లు, ఉపగ్రహాలు ఉండగా మనిషి కన్ను ఎందుకన్న సందేహం సహజం. భూమి గుండ్రంగా ఉండటం వల్ల రాడార్ కిరణం వంద కిలోమీటర్ల దూరం వెళ్లేసరికి నేలకు కిలోమీటరు కంటే ఎత్తున పోతుంది. అంతకంటే దిగువన ఏం జరుగుతోందో దానికి కనిపించదు. కడియానికి దగ్గరలో ఉన్న డాప్లర్ రాడార్లు మచిలీపట్నం, విశాఖపట్నంలోనివి. రెండూ వంద కిలోమీటర్లకు మించిన దూరమే. పైగా 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు అక్కడి రాడారే దెబ్బతింది.

తెలంగాణలో జరిగిన ఉదంతం ఇంకా స్పష్టమైనది. 2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి - మేడారం అడవుల్లో 50 వేలకు పైగా చెట్లు కూకటివేళ్లతో సహా కూలిపోయాయి. రోడ్డు మీది చెట్లు తొలగించేందుకు వెళ్లిన సిబ్బంది లోపలి విధ్వంసం చూసి నివ్వెరపోయారు. అది టోర్నడోయా, మేఘం నుంచి ఒక్కసారిగా కిందికి దూసుకొచ్చిన గాలియా అన్న చర్చ ఆ తర్వాత చాలాకాలం నడిచింది. చెట్లు ఒకే దిశలో పడ్డాయా, మెలికలు తిరిగి పడ్డాయా, గాలి ఏ వేళ ఏ దిక్కు నుంచి వచ్చింది అని చెప్పే సాక్షి ఆ సమయంలో ఆ అడవిలో లేకపోయాడు.

కోరంగి నేర్పిన పాఠం

కనిపెట్టి రాసిపెట్టే ఈ పని అమెరికా సొత్తని అనుకోనక్కర్లేదు. కడియానికి తూర్పున, యానాం దాటాక వచ్చే కోరంగి ఒకనాడు ఓడల నిర్మాణానికి పేరుమోసిన రేవు. 1839 నవంబర్‌లో సముద్రం ఉప్పొంగి ఆ రేవును ముంచివేసింది. మృతులు మూడు లక్షలన్న అంకె పలు పుస్తకాల్లో కనిపిస్తున్నా, ఒక రేవు పట్టణానికి అది నమ్మశక్యం కాని లెక్క. ఆ కాలంలో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే అధికారి బంగాళాఖాతంలో చిక్కుకున్న ఓడల దినచర్య పుస్తకాలు సేకరించి, ఏ ఓడకు ఏ గంటలో ఏ దిక్కు నుంచి గాలి వీచిందో పటంపై గుర్తించి, గాలి ఒక కేంద్రం చుట్టూ సుడి తిరుగుతోందని వివరించాడు. కోరంగి తుపాను ఆయన పరిశీలించిన వాటిలో ఒకటి. ఈ అధ్యయనాల నుంచే 1840లలో 'సైక్లోన్' అనే మాటను ఆయన పుట్టించాడు. చుట్టలు చుట్టుకున్న పామును స్ఫురింపజేసే గ్రీకు పదం దానికి మూలం. ప్రపంచమంతా వాడుతున్న ఆ మాట వెనుక ఉన్నది ఓడ కెప్టెన్లు గంటగంటకూ రాసుకున్న రెండేసి వాక్యాలే.

ఆ లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. వీచే గాలికి వీపు పెట్టి నిలబడితే తుపాను కేంద్రం సుమారుగా ఎడమ చేతి వైపున ఉంటుంది. కడియంలో గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆపై ఆగ్నేయానికి తిరిగితే తుపాను నరసాపురం వైపు, అంటే దక్షిణంగా దాటుతోందని అర్థం. ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమరకు తిరిగితే కాకినాడ, తుని వైపు పోతోందన్నమాట. గాలి హఠాత్తుగా ఆగిపోతే తుపాను కన్ను నెత్తిన ఉందని గ్రహించాలి. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే ఉద్ధృతంగా మళ్లీ మొదలవుతుంది. గాలి తగ్గిందని బయటకు వచ్చి ప్రాణాల మీదికి తెచ్చుకునేది ఆ కాస్త సమయంలోనే.

కడియమే ఎందుకు?

తీరం నుంచి నలభై, యాభై కిలోమీటర్లు లోపల ఉండటంతో కడియానికి ఉప్పెన భయం లేదు. వాన, గాలి.. ఈ రెండే శత్రువులు. నర్సరీల అమ్మకాలు జోరందుకునే అక్టోబర్ - డిసెంబర్ నెలలే తుపానుల కాలం కావడం ఇక్కడి దురదృష్టం. ఎకరా నేలపై ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్లకు పైగా నీరు చేరుతుంది. వంద మిల్లీమీటర్లయితే నాలుగు లక్షల లీటర్లు. పాలిథిన్ సంచుల్లోని చిన్న మొక్కలకు రెండు రోజులు నీరు నిలిస్తే వేరు కుళ్లు ఖాయం. ఎంత వాన పడిందో, ఎంతసేపట్లో పడిందో తెలిస్తేనే మోటార్లు ఎన్ని పెట్టాలన్న నిర్ణయం సాధ్యం. మండలానికి ఒకటో రెండో చోట్ల నమోదయ్యే వర్షపాతం ఒక ఊళ్లో దంచికొట్టి పక్క ఊళ్లో ముఖం చాటేసే వానను పట్టుకోలేదు. నష్టపరిహారం అడిగేటప్పుడు కూడా రైతు చేతిలో తన తోట లెక్క అంటూ ఉండటం లేదు.

గాలిని కొలిచేందుకు యంత్రమే అక్కర్లేదు. 1805లో బ్రిటిష్ నౌకాధికారి బ్యూఫోర్ట్ రూపొందించిన కొలమానంలో, తర్వాతి కాలంలో నేలకు అన్వయించిన గుర్తుల్లో పలు చెట్లవే. లేత కొమ్మలు విరుగుతుంటే గంటకు 62 నుంచి 74 కిలోమీటర్ల గాలి. భారత వాతావరణ శాఖ వాయుగుండాన్ని తుపానుగా ప్రకటించే హద్దు కూడా 62 కిలోమీటర్లే. చెట్లు వేళ్లతో లేచిపోతే 89 నుంచి 102. చెట్టు చూసి గాలి చెప్పమంటే కడియం రైతు కంటే అర్హుడెవరు?

ఔత్సాహికులు ఏమీ చేయలేరన్న వాదనకు ఇప్పటికే సమాధానం దొరికింది. తిరుపతికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ సాయి ప్రణీత్ 'ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్' పేరుతో తెలుగులో రైతులకు వాతావరణ సమాచారం అందిస్తున్న తీరును ప్రధాని నరేంద్ర మోదీ 2021 జులై 25న 'మన్ కీ బాత్'లో ప్రస్తావించారు. ఆయన్ని చూసి ఊరికొకరు తమ సొంత జోస్యాలతో వాట్సప్‌లో భయపెట్టడం మరో ఎత్తు. తప్పుడు హెచ్చరికలతో జనాన్ని కంగారుపెడితే 2005 విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు తప్పకపోవచ్చు. తుపాను ఎక్కడ దాటుతుందో చెప్పే పని వాతావరణ శాఖది. పరిశీలకుడి పని చూసింది చూసినట్టు, కొలిచింది కొలిచినట్టు చెప్పడం వరకే.

ఇందుకు కావలసిన సామగ్రి కూడా స్వల్పం. నిటారు గోడలున్న డబ్బా, మిల్లీమీటర్ల రూళ్లకర్ర, గడియారం, నోటు పుస్తకం. డబ్బాను చెట్లకు, షేడ్‌నెట్లకు దూరంగా ఆరుబయట ఉంచాలి. వాతావరణ శాఖ పద్ధతి ప్రకారం రోజూ ఉదయం 8.30 గంటలకు కొలిచి నీరు పారబోయాలి. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్ల కంటే తక్కువ వ్యవధి ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. అప్పుడు డబ్బానూ పుస్తకాన్నీ వదిలేసి పక్కా భవనంలోకి వెళ్లడమే మొదటి నియమం. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటకు రాకూడదు.

వేసవి ఈదురుగాలులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. పది, పదిహేను నర్సరీలు ఆ నెల నుంచే లెక్క రాసి ప్రతి ఉదయం మండల అధికారులకు పంపడం ప్రారంభిస్తే, అక్టోబర్‌లో వాయుగుండం వార్త వచ్చేనాటికి ఆరు నెలల పుస్తకం చేతిలో ఉంటుంది.