పాప చేతిలో కెమెరా

1984లో అమెరికా టీవీలో 'పంకీ బ్రూస్టర్' అనే సీరియల్ మొదలైంది. తల్లి వదిలేసి వెళ్లిపోతే ఓ ముసలాయన పంచన చేరిన అల్లరిపిల్ల కథ అది. ఆ వేషం వేసిన సొలెయిల్ మూన్ ఫ్రైకి అప్పుడు ఎనిమిదేళ్లు. సీరియల్ ముగిశాక, టీనేజీలో ఆ పిల్ల ఒక వీడియో కెమెరా సంపాదించి ఎక్కడికి వెళ్లినా వెంట తీసుకెళ్లింది. తనలాగే చిన్ననాడే పేరు మోసిన స్నేహితుల్ని తీసింది. డైరీలు రాసుకుంది. ఆన్సరింగ్ మెషిన్‌లో వాళ్లు వదిలిన కబుర్లు కూడా పారేయలేదు. అవన్నీ దాచిన పెట్టెను ఇరవై ఏళ్లు దాటాక తెరిచి, 2021లో 'కిడ్ 90' పేరుతో తన కథను తానే డాక్యుమెంటరీగా తీశారు. నిడివి గంటా పది నిమిషాలే.

అందులో నవ్వుతూ తుళ్లుతూ కనిపించే కుర్రాళ్లలో ఇద్దరు, జస్టిన్ పియర్స్, జొనాథన్ బ్రాండిస్, ముప్పై నిండకుండానే ప్రాణాలు తీసుకున్నారు. ఆ సంగతి తెలిసి చూస్తుంటే గొంతు పట్టేస్తుంది. లోకమంతా కెమెరా గురిపెట్టిన పిల్ల, ఆ కెమెరాను తన చేతిలోకి తీసుకుని లోకాన్ని చూసింది. మాకు ఈ చిత్రం విలువంతా అక్కడే ఉంది.

మన సంగతేమిటి? 1963 నాటి 'లవకుశ'నే తీసుకోండి. లవకుశుల వేషాల్లో ఇద్దరు పిల్లలు రామకథ పాడుతుంటే హాల్లో కొంగుతో కళ్లు తుడుచుకోని తల్లి ఉండేది కాదు. ఆ సినిమా నిర్మాణం దాదాపు అయిదేళ్లు సాగింది. పెద్దవాళ్లకు అయిదేళ్లంటే జుట్టులో నాలుగు తెల్ల వెంట్రుకలు. ఆ వయసు పిల్లలకో? పళ్లు ఊడి కొత్తవి వస్తాయి, చొక్కాలు పొట్టివవుతాయి, బడిలో నాలుగైదు తరగతులు మారతాయి. లవుడు నాగరాజు, కుశుడు సుబ్రహ్మణ్యం ఆ అయిదేళ్లూ ఎలా గడిపారో మనలో ఎంతమందికి తెలుసు? పాటలు మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

అదే సినిమా మొదలుపెట్టిన సి. పుల్లయ్య 1936లో అంతా పిల్లలతోనే 'సతీ అనసూయ' తీశారు. అందులో వేషం వేసిన కృష్ణవేణి పెద్దయ్యాక 'మన దేశం' నిర్మించి ఎన్టీఆర్‌ను తెరకు పరిచయం చేశారు. నూరేళ్లు నిండిన ఆమె 2025 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆమె కనిపించినప్పుడల్లా మనం ఎక్కువగా అడిగింది ఎన్టీఆర్ తొలి వేషం గురించే. పదకొండేళ్ల పిల్ల ముఖానికి రంగు వేసుకుని లైట్ల కింద నిలబడ్డ రోజు గురించి తనివితీరా అడగలేదు. ఇది మన తప్పు.

ఇప్పుడు చట్టం ఉంది. 2017 నిబంధనల ప్రకారం పిల్లలతో రోజుకు అయిదు గంటలకు మించి షూటింగ్ చేయించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరిట బ్యాంకులో వేయాలి. అవసరమైన రక్షణే, కచ్చితంగా అమలు కావాలి. కానీ కంట్లో గ్లిజరిన్ వేసినప్పటి మంట, టేకు బాగా వస్తేనే అమ్మ ముఖం వెలుగుతుందన్న బెంగ, అవకాశాలు ఆగిపోయాక ఇంట్లో కమ్ముకున్న నిశ్శబ్దం ఏ రిజిస్టరుకూ ఎక్కవు. అనుభవించినవాళ్లే చెప్పాలి.

ఒకప్పుడు టైటిల్స్‌లో బేబీగానో మాస్టర్‌గానో పేరు పడినవారు ఈ సంపాదకీయం చదువుతుంటే మా విన్నపం ఒక్కటే. పాత ఫొటోలు ముందు పెట్టుకోండి, ఫోను కెమెరా ఆన్ చేయండి, పది నిమిషాలు మాట్లాడండి. మనవరాలి చేత తీయించుకున్నా సరే. కెమెరా ముందుకు మళ్లీ రావడం ఇష్టం లేకపోతే కాగితం మీద రాసి పంపండి, ఒక్క మాట కూడా తగ్గించకుండా అచ్చువేస్తాం.