లైజియాకు పడవ ఎప్పుడు?

శనిగ్రహం చుట్టూ తిరిగే టైటన్ మీద లైజియా మారే అనే సముద్రం ఉంది. దాంట్లో నీళ్లు లేవు, ఎక్కువగా ఉన్నది ద్రవ మీథేన్. అదేనండీ, ఆటోల్లో కొట్టించే సీఎన్‌జీలో ఉండేదే. అక్కడ చలి మైనస్ 179 డిగ్రీలు. ఆ చలికి గ్యాస్ ద్రవమైపోతుంది, నీళ్లేమో రాయిలా గడ్డకట్టి ఉంటాయి. అగ్గిపుల్ల గీస్తే? ఏమీ కాదు, మండటానికి ఆక్సిజన్ ఉండాలిగా!

నన్ను కట్టిపడేసింది మాత్రం దాని లోతు కొలిచిన తీరు. 2013 మేలో కాసినీ నౌక పైనుంచి పోతూ రాడార్ తరంగాలు కిందికి పంపింది. ఒక్కోదానికి రెండేసి ప్రతిధ్వనులు వచ్చాయి. ఒకటి ఉపరితలం నుంచి, రెండోది అడుగు నుంచి. మధ్య తేడా లెక్కేస్తే లోతైన చోట దాదాపు 160 మీటర్లు తేలింది. మన సముద్రపు ఉప్పునీటిలో అయితే ఆ తరంగం పైపైనే ఆగిపోయేది. మీథేన్ గాజులా దారిచ్చింది.

ఆ జూలైలోనే అదే సముద్రంలో, అంతకుముందు లేని తెల్లటి మచ్చ రాడార్ చిత్రంలో కనబడింది. తర్వాత చూస్తే మాయం! అలలా, అడుగు నుంచి లేచిన బుడగలా, తేలే గడ్డలా? 'మాయా ద్వీపం' అని పేరైతే పెట్టారు. అప్పుడప్పుడూ పైనుంచి తొంగిచూస్తే తేలే సంగతి కాదది, అక్కడే ఉండి చూడాలి.

అలా ఉండిపోవడానికే 'టైమ్' అనే పడవను ప్రతిపాదించారు. 2016లో బయల్దేరి 2023లో లైజియాలో దిగాలని ప్లాన్. 2012లో నాసా దాన్ని కాదని అంగారకుడికి వెళ్లే ఇన్‌సైట్‌ను ఎంచుకుంది. ఇన్‌సైట్ అక్కడి కంపనాలు విని మంచి పనే చేసింది, కాదనను. కానీ ఈ వాయిదా మామూలుది కాదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లం రిలీజ్ తప్పితే పైవారానికి జరుపుకుంటాం. టైటన్‌లో ఒక ఏడాదంటే మనకు 29 ఏళ్ల పైమాటే, అంటే దాదాపు నా వయసు. 2025లో అక్కడ ఉత్తరార్ధంలో శరత్కాలం మొదలైంది. ఇక ధ్రువం దగ్గర ఏళ్ల తరబడి చీకటి. సూర్యుడు కనబడని చోట భూమీ కనబడదు, కాబట్టి పడవ నేరుగా మనకు సిగ్నల్ పంపలేదు. పైన ఇంకో నౌకను తిప్పితే పంపొచ్చు, ఖర్చు మాత్రం ఎక్కడికో పోతుంది. మళ్లీ వెలుగొచ్చేది 2040 దగ్గర్లో. అప్పటికి నాకు నలభై దాటుతాయి.

ఈలోగా డ్రాగన్‌ఫ్లై అనే ఎనిమిది రోటర్ల డ్రోన్ 2028లో బయల్దేరి 2034లో టైటన్ చేరాలి. అది దిగేది మధ్యరేఖ దగ్గరి నల్లటి ఇసుకదిబ్బల్లో, ఈ సముద్రాలకు బాగా దూరంగా.