ఐసీయూ తలుపు బయట సంఘం

యోబు స్నేహితులు ముగ్గురినీ మనం నిందిస్తామే కాని, వారు చేసిన ఒక మంచి పనిని తలచుకోము. ఎలీఫజు, బిల్దదు, జోఫరు కబురు తెలియగానే తమ ఊళ్లు విడిచి వచ్చారు. అతని బాధ ఎంత తీవ్రమైనదో చూసి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటయినా పలకకుండా అతనితోపాటు నేల మీద కూర్చున్నారు (యోబు 2:11-13). వారి పరిచర్య అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! తర్వాత నోళ్లు తెరిచారు. నీ తప్పే నీకీ గతి పట్టించిందని వాదించారు. ఆదరించడానికి వచ్చినవారే న్యాయాధిపతులయ్యారు.

ఈ కథ మన సంఘాల్లో నేటికీ జరుగుతూనే ఉంది. మా నల్లజర్ల ప్రాంతంలో రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవారినో, పక్షవాతం వచ్చినవారినో అంబులెన్సులో ఏలూరుకో, తాడేపల్లిగూడేనికో, రాజమహేంద్రవరానికో తీసుకువెళతారు. ఆపరేషన్ బాగానే జరిగిందంటారు. మత్తుమందు ఆపేశామంటారు. మనిషి మాత్రం కళ్లు తెరవడు. ఇంటివారు వరండాలో దుప్పటి పరుచుకొని, లోపలి నుండి పిలుపు వస్తుందేమోనని తలుపు వైపే చూస్తూ రోజులు గడుపుతారు.

2020 డిసెంబరులో ఏలూరులో అంతుచిక్కని జబ్బుతో ఆరువందల మందికి పైగా మూర్ఛ, కళ్లు తిరగడం వంటి లక్షణాలతో ఆసుపత్రి పాలయ్యారు. వారిలో చాలామంది త్వరగానే తేరుకొని ఇళ్లకు వెళ్లారు. అలాంటి మేలుకు దేవుణ్ని స్తుతించడం మనకు సులువే. స్పృహ రావడానికి వారాలు పట్టినప్పుడే మన విశ్వాసానికీ, మన నోటికీ పరీక్ష.

అప్పుడు ఆ వరండాలో వినిపించే మాటలు మనకు తెలియనివి కావు. 'ఇంట్లో ఎవరి అవిశ్వాసమో అడ్డుపడుతోంది' అంటారొకరు. 'మూడో రోజున లేస్తాడని ప్రభువు నాకు చూపించాడు' అంటారింకొకరు. మూడో రోజు గడిచిపోతుంది. ఆ మాట చెప్పినవారు మళ్లీ కనబడరు. నా ప్రార్థనలోనే ఏదో లోపముందని కుమిలిపోయే భార్య మాత్రం అక్కడే మిగులుతుంది. దేవుడు చెప్పని తేదీని ఆయన పేరిట చెప్పడం విశ్వాసం కాదు, గాయం మీద గాయం.

ఆలస్యానికి వైద్యులు చెప్పే కారణాలు వేరు. వెంటిలేటర్ మీద ఉన్నవారికి ఇచ్చే మత్తుమందులు, ముఖ్యంగా మూత్రపిండాలు, కాలేయం బలహీనంగా ఉన్నవారి శరీరం నుండి త్వరగా పోవు. పెద్ద వయసు, మెదడు వాపు, ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గిపోవడం, ఇవన్నీ మెలకువను వెనక్కి నెడతాయి. వీటిలో ఏ ఒక్కటీ ఆ కుటుంబపు భక్తికి కొలబద్ద కాదు.

కపెర్నహూములో నలుగురు మనుషులు పక్షవాయువుగలవాణ్ని మంచంతో సహా మోసుకొచ్చారు. ఇంటి పైకప్పు విప్పి ప్రభువు ఎదుట దింపారు. యేసు 'వారి' విశ్వాసాన్ని చూశాడని మార్కు రాశాడు (2:3-5). ఆ నలుగురు దారిలో మంచాన్ని కింద పెట్టి రోగి విశ్వాసాన్ని పరీక్షించలేదు. స్పృహ లేనివాడు ప్రార్థించలేడు. నిద్ర లేక అలసిన అతని ఇంటివారికీ ఒక్కోసారి ప్రార్థన నోటికి రాదు. అప్పుడు మోయవలసింది సంఘమే.

ఎలా మోయాలి? యాయీరు ఇంట ప్రభువు చేసింది చూడండి. ఏడ్చి ప్రలాపించే గుంపును బయటికి పంపి, తల్లిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రమే లోపల ఉంచాడు. చిన్నది లేచాక ఆమెకు తినడానికి ఏదైనా పెట్టమన్నాడు (మార్కు 5:37-43). పదిమంది కలిసి ఐసీయూలోకి తోసుకెళ్లడం వల్ల రోగికి ఇన్ఫెక్షన్ ముప్పే. బయట చేయవలసిన పని బోలెడుంది. రాత్రి కాపలా వంతులవారీగా పంచుకోవచ్చు. క్యారేజీ పంపవచ్చు. పిల్లల్ని బడికి పంపి, పశువులకు మేత వేయవచ్చు. వైద్యసేవ పథకం కాగితాల కోసం తిరగవచ్చు. ఇదీ ప్రార్థనే.

లోపలికి వెళ్లే ఒకరిద్దరు చేతులు కడుక్కొని, నర్సు చెప్పినట్టు నడుచుకుంటూ రోగితో మాట్లాడాలి. 2024లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధనలో, మెదడు దెబ్బతిని, చెప్పిన మాటకు ఏ కదలికా చూపని 241 మందిని పరీక్షించారు. వారిలో 60 మంది మెదళ్లు ఆ మాటకు స్పందిస్తున్నట్టు యంత్రాల్లో తేలింది. అంటే నలుగురిలో ఒకరు! కాబట్టి పేరు పెట్టి పిలవండి. తోటలో పామాయిల్ గెలలు కోశామని, మనవరాలు బడికి వెళ్లిందని చెప్పండి. మెల్లగా ఒక కీర్తన పాడండి. బిల్లుల సంగతి, పొలం పంపకాల సంగతి ఆ మంచం దగ్గర ఎత్తకండి.

ఇంకొక హెచ్చరిక. కళ్లు తెరిచిన రోజే కష్టం తీరదు. కొందరు భార్యనే గుర్తుపట్టరు, గొట్టాలు పీక్కుంటారు, లేని మనుషులను చూసి కేకలేస్తారు. దీన్ని వైద్యులు డెలీరియం అంటారు. ఐసీయూ రోగుల్లో ఇది మామూలే, చాలామందిలో మెల్లగా తగ్గుతుంది. దానికి దయ్యం అని పేరు పెట్టి ఆ కుటుంబం తల వంచుకునేలా చేయకండి. ఈ రోజు ఏ రోజో, తానెక్కడ ఉన్నాడో నెమ్మదిగా గుర్తుచేయండి. కళ్లజోడు, వినికిడి యంత్రం ఉంటే అందించండి.

కొందరు ఎన్నటికీ లేవరు. ఈ మాట పలకడానికి మనం భయపడతాం. కోమా వేరు, బ్రెయిన్ డెత్ వేరు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్‌ను నలుగురు వైద్యుల బృందం, కనీసం ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. తమవారిది ఏ స్థితో వైద్యుణ్ని సూటిగా అడగడం అవిశ్వాసం కాదు. జవాబు వినే వేళ పక్కన ఒక సంఘపెద్ద ఉంటే ఆ కుటుంబానికి ఎంతో ధైర్యం.

ముంబైలోని కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ 1973లో దాడికి గురై మంచానికే పరిమితమైంది. 2015లో కన్నుమూసేదాకా, సుమారు 42 ఏళ్లు, తరం వెంట తరం తోటి నర్సులు ఆమెకు అన్నం తినిపించి కడిగి తుడిచారు. ఆమె మళ్లీ మామూలు మనిషి కాలేదు. అయినా ఆ ప్రేమ వృథా అని ఎవరనగలరు? మెలకువ దేవుని చేతిలో ఉంది, విడిచిపెట్టకుండా ఉండడం మన చేతిలో ఉంది.

ఈ ఆదివారం మీ సంఘంలో ఎవరి కుటుంబమైనా ఆసుపత్రి వరండాలో ఉంటే, ప్రార్థన మనవుల్లో పేరు చదివి ఊరుకోకండి. ఈ రాత్రి కాపలాకు ఎవరు వెళతారో, రేపు క్యారేజీ ఎవరు పంపుతారో ఆరాధన ముగిసేలోగా రాసుకోండి. మంచానికి నాలుగు మూలలున్నాయి, నలుగురు చాలు.